కోడ్ కదిలిపోతుంది, కాగితం అక్కడే ఉంటుంది

(సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. డాక్యుమెంటేషన్ గురించి, అంటే ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో వివరిస్తూ రాసే పేజీల గురించి, మాట్లాడతానంటే ఇంతమంది వస్తారని అనుకోలేదు. బయట వాన దంచుతోందని తెలిశాక సంగతి అర్థమైంది. (నవ్వులు)

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి రెండు గంటల వేళ సర్వర్ డిస్కు నిండిపోయిందని ఫోన్ వచ్చింది. అలా నిండితే ఏం చేయాలో రాసిపెట్టిన పేజీ ఒకటి మా దగ్గర ఉంది. నిద్రమత్తులో ఉన్నవాడు కూడా వరుసగా చేసుకుపోయేలా అంకెలు వేసి రాసిన పేజీ. ఆరో అంకె దగ్గర ఇలా ఉంది: 'శుభ్రం చేసే స్క్రిప్టును ముందు ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడపండి. తీసేయబోయే ఫైళ్ళ జాబితాను మాత్రం చూపిస్తుంది.' స్క్రిప్టు అంటే చిన్న ప్రోగ్రాము, ఆప్షన్ అంటే దాన్ని నడిపేటప్పుడు పేరు పక్కన చేర్చే సూచన. సరేనని నడిపాను. జాబితా వచ్చింది. చూసుకుంటూ కిందికి వెళితే చివరి వరుసలో 'తొలగించడం పూర్తయింది' అని ఉంది.

మూడు రోజుల ఫైళ్ళు పోయాయి. వాటిలో సగానికి వేరే చోట నకళ్ళు ఉండబట్టి ఉద్యోగం నిలిచింది.

ఏం జరిగిందంటే, ఆ స్క్రిప్టు మొదట్లో ఆప్షన్ ఇస్తేనే ఫైళ్ళు తీసేసేది, ఇవ్వకపోతే ఊరికే చూపించేది. నాలుగు నెలల ముందు ఎవరో దాన్ని తిరగేశారు. ఆప్షన్ ఇస్తే చూపిస్తుంది, ఇవ్వకపోతే తీసేస్తుంది. రోజూ దానంతట అదే నడవాల్సిన పని కాబట్టి అలా మార్చడంలో తర్కం ఉంది. మార్పు మొత్తం రెండు వరుసలు. మరుసటి రోజు ఉదయం ఆ రెండు వరుసలను పరిశీలించి ఆమోదించింది ఎవరా అని చరిత్ర తవ్వితే, నా పేరే కనిపించింది.

నేను ఆమోదించిన కోడ్‌లో తప్పు లేదు. ఇప్పుడు చూసినా మళ్ళీ ఆమోదిస్తాను. ఆ పేజీ మాత్రం ఇంకెక్కడో వికీలో, అంటే ఆఫీసులో అందరూ రాసుకునే వెబ్ పేజీల్లో, ఉంది. ఆ రోజు నుంచి అది అబద్ధమాడడం మొదలుపెట్టింది. నాలుగు నెలలపాటు ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కారణం చాలా చిన్నది. ఆ నాలుగు నెలల్లో డిస్కు నిండలేదు.

ఇలాంటివి జరిగినప్పుడు అందరూ చెప్పే కారణం బద్ధకం. 'ప్రోగ్రామర్లకు రాయడమంటే బద్ధకం సార్' అంటారు. నేను ఒప్పుకోను. మనం కోడ్ విషయంలో కూడా అంతే బద్ధకస్తులం. తేడా ఎక్కడుందంటే, ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, దాని పేరు మార్చి, దాన్ని పిలిచే చోట మార్చడం మరిచిపోయి చూడండి, కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఇల్లు పీకి పందిరి వేస్తుంది. అదే ఫంక్షన్ గురించి రాసిన పేజీలో పేరా మొత్తం తప్పయిపోయినా ఏ పరీక్షా విఫలం కాదు, ఏ ఎర్ర గుర్తూ వెలగదు. అందుకని ఈ సాయంత్రమంతా నేను తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తాను: రాసింది తప్పయిన రోజున అరిచేది ఎవరు?

మన ఊళ్ళలో భూమి రికార్డుల గొడవ తెలియనివారు ఇక్కడ ఉండరు. తాతగారు ఎప్పుడో అమ్మేసిన ఎకరం ఇవాళ్టికీ అడంగల్‌లో తాతగారి పేరు మీదే ఉంటుంది. తెలంగాణలో అయితే పహాణీలో. ఎందుకంటే అమ్మకం రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ ఇంకో ఆఫీసులో జరిగేవి. మొదటిది కాకపోతే డబ్బు చేతులు మారదు, కాబట్టి అది ఆగదు. రెండోది కాకపోయినా ఆ ఏడాది నాట్లు పడతాయి, కోతలు అవుతాయి. ఏ బ్యాంకు అప్పుకో వెళ్ళినప్పుడు, లేదా అన్నదమ్ములు పంచుకోబోయినప్పుడు బయటపడుతుంది. 2020లో తెలంగాణ ప్రభుత్వం వ్యవసాయ భూములకు ఈ రెండు పనులూ తహసీల్దారు దగ్గరే ఒకేసారి జరిగేలా మార్చింది. దాంతో వచ్చిన కొత్త తగాదాలు వేరే ఉన్నాయి, వాటిని ఇప్పుడు తెరిస్తే మనం ఇంటికి వెళ్ళలేం. కానీ ఆ ఆలోచన మన వృత్తికి నేరుగా పనికొస్తుంది. నేను ఆమోదించిన ఆ రెండు వరుసల మార్పులోనే ఆరో అంకె దగ్గరి వాక్యం మార్పు కూడా ఉండి ఉంటే, రెండూ ఒకే కమిట్‌లో, అంటే ఒకే మార్పుల కట్టలో, నా కళ్ళ ముందుకు వచ్చేవి. లేకపోతే 'అదెక్కడ?' అని అడగడానికి నాకు వీలుండేది. పేజీ వికీలో ఉండేసరికి అడగాలన్న ఊహ కూడా రాలేదు.

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాన్ని తయారుచేసేవారు ఈ విషయంలో బహు మొండివాళ్ళు. వాళ్ళ మాన్యువల్ పేజీలు ప్రోగ్రాములతో పాటు ఒకే సోర్సు చెట్టులో, అంటే ఒకే కోడ్ ఫైళ్ళ గుంపులో, ఉంటాయి. ప్రోగ్రాము ప్రవర్తన మారితే పేజీ కూడా మారాలి, పేజీలో తప్పుంటే అది ప్రోగ్రాములో తప్పున్నట్టే లెక్క. లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ దారి వేరు. దాని గుండెకాయ అయిన కెర్నెల్ ఒక రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, ఉంటుంది. ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగే సిస్టమ్ కాల్స్‌ను వివరించే మాన్యువల్ పేజీలు వేరే ప్రాజెక్టు. 2004 నుంచి చాలా ఏళ్ళపాటు మైఖేల్ కెరిస్క్ ఆ భారం మోశారు. రెండు చోట్ల ఉన్నందుకు కట్టాల్సిన సుంకం ఉండనే ఉంది. కొత్త సిస్టమ్ కాల్ ముందు వస్తుంది, దాని పేజీ తీరిగ్గా వస్తుంది. అయితే ఆ పేజీల్లో ఒక మంచి అలవాటు చూశాను. చాలా ఫ్లాగుల పక్కన (ఫ్లాగంటే ఆప్షన్ లాంటిదే) 'లినక్స్ 2.6.27 నుంచి' అన్నట్టు వెర్షన్ రాస్తారు. పేజీకీ కోడ్‌కూ మధ్య దూరం ఉందని ఒప్పుకుని, ఆ దూరాన్ని కొలిచి చూపిస్తున్నారన్నమాట. ఏ తేదీ, ఏ వెర్షనూ లేకుండా 'ఇది ఇలా పనిచేస్తుంది' అని రాసే పేజీ కన్నా ఇది ఎన్నో రెట్లు నిజాయితీగా ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళితే, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రాసినది. అందులో ప్రతి ఆదేశానికీ ఒక పేజీ. పేజీ చివర 'బగ్స్' అని ఒక భాగం, దాని కింద 'ఓనర్' అని ఇంకొకటి. ఓనర్ దగ్గర కెన్ అనో, రిచీ పొడి అక్షరాలో. నాకు చాలా ఇష్టమైన పేజీలవి. ఇందులో పని చేయనిది ఏమిటో మేమే చెబుతున్నాం, తేడా వస్తే ఫలానావాణ్ణి పట్టుకోండి అని రెండు వరుసల్లో తేల్చేశారు. బగ్స్ అన్న భాగం ఇప్పటి మాన్యువల్ పేజీల్లోనూ కనిపిస్తుంది. ఓనర్ ఎటు పోయాడో తెలియదు. మా వికీ పేజీకి ఓనర్ ఉన్నాడా? ఉన్నాడు, ఉద్యోగం మారి రెండేళ్ళయింది.

సరే, ఇప్పుడు ఒక పెద్ద ప్రమాదం చెబుతాను. దీన్ని కంప్యూటర్ పాఠాల్లో చాలామంది చెబుతారు, కానీ మనకు కావలసిన కోణంలో చెప్పరు.

1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా, కౌరూ నుంచి ఏరియాన్ 5 రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. ప్రధాన ఇంజిను వెలిగించిన దాదాపు 37 సెకన్లకు దారి తప్పి, ముక్కలై, పేలిపోయింది. లోపల నాలుగు ఉపగ్రహాలు ఉన్నాయి. అందరూ చెప్పే కారణం ఇదీ: రాకెట్టు దిశను లెక్కగట్టే పరికరంలో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయారు. 16 బిట్లలో 32,767కు మించి పట్టదు. సంఖ్య అంతకంటే పెద్దదైంది. పరికరం చేతులెత్తేసింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాము ఉంది, అది ఒక క్షణం ముందే చేతులెత్తేసింది.

ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చినది, అక్కడ ఏళ్ళ తరబడి చక్కగా పనిచేసింది. అది రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. ఇలా పొంగిపోయే ప్రమాదం ఉన్న సంఖ్యలు ఏడు ఉన్నాయని ముందే లెక్కవేశారు. అన్నింటికీ రక్షణ పెడితే కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటుతుంది, అది వాళ్ళు పెట్టుకున్న గరిష్ఠ పరిమితి. అందుకని నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఆ మూడూ అంత పెద్దవి కాలేవని వాళ్ళ తర్కం. ఏరియాన్ 4 విషయంలో ఆ తర్కం సరైనదే. ఏరియాన్ 5 అడ్డంగా వేగం పుంజుకోవడం దానికి ఐదు రెట్లు ఎక్కువ.

మరి ఆ తర్కం ఎక్కడ రాసి ఉంది? ప్రమాదం మీద వేసిన విచారణ సంఘం నివేదికలో నన్ను ఆపేసిన చోటు ఇదే. ఆ మూడింటినీ ఎందుకు వదిలేశారన్నదానికి సోర్సు కోడ్‌లో ఒక్క సూచనా దొరకలేదని రాశారు. నిర్ణయం అందరూ ఒప్పుకున్నదే, పత్రాల్లో ఉన్నదే. కానీ అలాంటి ప్రాజెక్టుకు ఉండే పత్రాల రాశిలో, బయటినుంచి పరిశీలించేవారి కంటికి ఆనకుండా మరుగున పడిపోయింది. ఎవరూ కావాలని దాచలేదని కూడా రాశారు. అంటే డాక్యుమెంటేషన్ లేక పోయిన రాకెట్టు కాదిది. ఉన్న చోట ఉండవలసినంత ఉంది. మారబోయే వరుస పక్కన మాత్రం లేదు. 'ఈ సంఖ్య ఏరియాన్ 4 ప్రయాణ మార్గంలో ఇంతకు మించదు, అందుకే రక్షణ పెట్టలేదు' అని ఆ వరుస మీద ఒక్క కామెంట్, అంటే కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసే మాట, ఉంటే, కోడ్‌ను కొత్త రాకెట్టులోకి తెచ్చినవారిలో ఒక్కరైనా 'ఏరియాన్ 4' అన్న మాట దగ్గర ఆగేవారని నా నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేను పత్రాల పక్షం వహించినట్టవుతుంది. 1999 సెప్టెంబరు 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర నాశనమైంది. అక్కడ పత్రం సరిగ్గానే ఉంది. లెక్కలు మెట్రిక్ కొలతల్లో, న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని స్పెసిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. నేలమీద నడిచే ప్రోగ్రాము పౌండ్-సెకన్లలో ఇచ్చింది. దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. కాగితాన్ని కోడ్ వినలేదు, విననప్పుడు అరిచే ఏర్పాటు ఏదీ ఆ తేడాను పట్టుకోలేదు. మళ్ళీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చాం.

అరిపించడం ఎలాగో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. మనకు తెలిసిన లెక్కే తీసుకుందాం, వడ్డీ.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వడ్డీ అనే ఫంక్షన్ రాశాను అనుకోండి. దానికి మూడు విలువలు ఇవ్వాలి: అసలు, రేటు, నెలలు. పైన వివరణ రాశాను: 'రేటు అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు.' మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ అంటే అదే కదా. ఆ వివరణ కిందే ఒక ఉదాహరణ రాశాను. మూడు బాణం గుర్తులు పెట్టి, పదివేల అసలుకు, రెండు రూపాయల చొప్పున, పన్నెండు నెలలకు ఎంతో అడిగాను. దాని కింది వరుసలో జవాబు, 2400.

కొంతకాలానికి బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసి వచ్చిన అబ్బాయి ఒకరు చేరారు. అతనికి రేటు అంటే ఏడాదికి శాతం, ఇంకో అర్థమే లేదు. కోడ్ చూసి, 'పన్నెండుతో భాగించడం మరిచిపోయారు' అనుకుని సరిచేశాడు. ప్రోగ్రాము నడుస్తోంది. పైన వివరణ మాత్రం ఇంకా 'నెలకు రూపాయలు' అనే చెబుతోంది. ఇక మూడో మనిషి వస్తే ఎవర్ని నమ్మాలి? వివరణనా, కోడ్‌నా? సాధారణంగా కోడ్‌నే నమ్ముతాడు. అప్పుడు తప్పు అధికారికం అవుతుంది.

పైథాన్‌లో డాక్‌టెస్ట్ అనే సాధనం ఉంది. టిమ్ పీటర్స్ తయారుచేశారు, 2001లో పైథాన్ 2.1తో పాటు అందరికీ వచ్చింది. అది చేసే పని చాలా సాదా. వివరణల్లో ఆ మూడు బాణం గుర్తులు ఎక్కడున్నాయో వెతుకుతుంది. పక్కనున్న ఉదాహరణను నిజంగా నడిపి చూస్తుంది. కింద మనం రాసిన జవాబుతో అక్షరం అక్షరం పోలుస్తుంది. మన అబ్బాయి మార్పు చేసిన మరుక్షణం అది 'ఆశించినది 2400, వచ్చినది 200' అని నిలదీస్తుంది. ఇప్పుడతను వివరణ చదవక తప్పదు. చదివితే 'నెలకు రూపాయలు' అన్న మాట కనిపిస్తుంది. రస్ట్ భాషలో వివరణల్లోని ఉదాహరణలు మామూలు పరీక్షలతో పాటే నడుస్తాయి, గో భాషలోనూ ఉదాహరణ కింద రాసిన ఫలితాన్ని పోల్చే ఏర్పాటు ఉంది.

ఇందులో రెండు గోతులున్నాయి, రెండింటిలోనూ నేను పడ్డాను. మొదటిది, పళ్ళు లేని ఉదాహరణ. 'సున్నా నెలలకు వడ్డీ సున్నా' అని రాశామనుకోండి. రేటు నెలకైనా, ఏడాదికైనా ఆ ఉదాహరణ నెగ్గుతూనే ఉంటుంది. అపార్థం ఎక్కడ జరుగుతుందో ఆ చోటును కరిచేలా ఉదాహరణ ఎంచుకోవాలి. రెండో గొయ్యి ఇంకా లోతు. శుక్రవారం సాయంత్రం తొందరలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? 2400 కొట్టేసి 200 అని రాస్తాడు. గుర్తు పచ్చగా మారుతుంది, అతను ఇంటికి వెళతాడు. (నవ్వులు) యంత్రం మన మెడ పట్టి అటువైపు తిప్పగలదు, అంతవరకే దాని చేతనైనది.

లినక్స్ కెర్నెల్‌లో ఇంకో రకం కాపలా ఉంది. ఫంక్షన్ మీద ఒక పద్ధతిలో కామెంట్ రాస్తారు, అందులో ఒక్కో పారామీటర్‌కు, అంటే ఫంక్షన్‌కు ఇచ్చే ఒక్కో విలువకు, ఒక్కో వరుస. కెర్నెల్-డాక్ అనే స్క్రిప్టు ఆ కామెంట్‌నూ, కింద ఉన్న ఫంక్షన్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఫంక్షన్‌లో ఉన్న పారామీటర్ కామెంట్‌లో లేకపోతే హెచ్చరిస్తుంది, కామెంట్‌లో ఉన్నది ఫంక్షన్‌లో లేకపోయినా హెచ్చరిస్తుంది. బాగుంది. కానీ అది పేర్లు మాత్రమే పోల్చగలదు. ఎంతసేపు ఆగాలో చెప్పే టైమౌట్ అనే పారామీటర్ నిన్నటిదాకా సెకన్లలో ఉండి, ఇవాళ మిల్లీసెకన్లలోకి మారి, పేరు మాత్రం టైమౌట్ గానే ఉంటే? కాపలావాడు సలాం కొట్టి లోపలికి పంపేస్తాడు. కొలతను పేరులోనే పెట్టేస్తే, టైమౌట్-మిల్లీసెకన్లు అనేస్తే, అప్పుడు పేరుతో పాటు కామెంట్ కూడా మారక తప్పదు. పేరు కన్నా దగ్గరగా ఉండే డాక్యుమెంటేషన్ లేదు. దాన్ని మొదట సరిచేస్తే మిగతా సగం రాయనక్కరలేదు.

హెచ్చరికలతో ఇంకో చిక్కు ఉంది. ప్రతి ఫంక్షన్‌కూ వివరణ ఉండి తీరాలని నియమం పెట్టారనుకోండి. అప్పుడు వచ్చే వివరణలు మీరు చూసే ఉంటారు. గెట్-నేమ్ అనే ఫంక్షన్ మీద 'పేరును ఇస్తుంది' అని ఉంటుంది. సెట్-నేమ్ మీద 'పేరును పెడుతుంది'. ఇవి ఎన్నటికీ పాతబడవు, ఎందుకంటే ఇవి ఏమీ చెప్పవు. నియమం కడుపు నింపడానికి వండిన వంట. ఇవాళ కృత్రిమ మేధ సాధనాలకు కోడ్ ఇచ్చి వివరణ రాయమంటే ఇలాంటివే, ఇంకాస్త నున్నని వాక్యాల్లో, క్షణంలో వస్తాయి. పనికిరావని అనను, నేనూ వాడుతున్నాను. కానీ దానికి కనిపించేది కోడ్ ఒక్కటే. మన వడ్డీ ఫంక్షన్‌ను ఆ అబ్బాయి మార్చిన తరువాత ఇస్తే, 'రేటు ఏడాదికి శాతం' అని చక్కగా రాసిపెడుతుంది. తప్పుకు పట్టాభిషేకం.

ఇప్పుడు మన భాషకు సంబంధించిన సంగతి. నేను కొంతకాలం స్వచ్ఛంద అనువాదకులతో కలిసి పనిచేశాను. గ్నోమ్, లిబ్రేఆఫీస్ వంటి సాఫ్ట్‌వేర్ తెలుగులో కనిపిస్తోందంటే అలాంటి బృందాల చలవే. అక్కడ వాడే గెట్‌టెక్స్ట్ అనే పద్ధతిలో, మన సమస్యకు నేను చూసినంతలో చక్కని పరిష్కారం ఉంది. డాక్యుమెంటేషన్ వాళ్ళు దాన్ని ఎందుకు గమనించరో నాకు అర్థం కాదు.

పీఓ ఫైలు అని ఉంటుంది. ఒక వరుసలో ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు. ప్రోగ్రామర్ ఎక్కడో కోడ్‌లో ఇంగ్లీషు వాక్యాన్ని మారుస్తాడు. తెలుగువాడికి ఉత్తరం రాయడు, అతనికి తెలుగువాడున్నాడనే తెలియదు. అయినా కొత్త ఫైలును పాత ఫైలుతో కలిపేటప్పుడు సాధనం పసిగడుతుంది: ఈ ఇంగ్లీషు వాక్యం పాతదానికి దగ్గరగా ఉంది, కానీ అదే కాదు. అప్పుడు పాత తెలుగును పారేయదు. అలాగే ఉంచి, పైన 'ఫజీ' అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర ఉన్నంతవరకు, మామూలు పద్ధతిలో, ఆ తెలుగు వాక్యం వాడేవారికి కనిపించదు. ఇంగ్లీషే కనిపిస్తుంది.

మొదట్లో నాకు కోపం వచ్చేది. ఒక కామా మారితే మా తెలుగును దాచేస్తారా అని. తరువాత ఒక వాక్యం ఎదురైంది. 'ఈ ఫైలును తొలగించవచ్చు' అని తెలుగు. ఇంగ్లీషులో కొత్త వెర్షన్ 'తొలగించకూడదు' అయింది. ఇంగ్లీషులో తేడా మూడే అక్షరాలు. సాధనం లెక్క ప్రకారం రెండూ అన్నదమ్ముల్లాంటివి, అందుకే పాత తెలుగును తెచ్చి కింద పెట్టింది. ముద్ర లేకపోతే మన తెలుగువాడు 'తొలగించవచ్చు' చదివి తొలగించేసేవాడు. తప్పు తెలుగు చూపడం కన్నా చూపకపోవడం మేలు అని ఆ సాధనం తయారుచేసినవారు నిర్ణయించారు. ఆ రాత్రి నాకు కావలసింది సరిగ్గా ఇదే. ఆరో అంకె దగ్గర వాక్యం కనిపించకుండా పోయినా బాగుండేది, తిన్నగా స్క్రిప్టు తెరిచి చదువుకునేవాణ్ణి.

ఇక్కడ కూడా మనుషులు మనుషులే. ఒక ప్రాజెక్టులో, పేరెందుకులెండి, విడుదల తేదీ దగ్గర పడిందని ఒకాయన ఫజీ ముద్రలన్నింటినీ ఒకేసారి ఊడబెరికేశారు. అనువాదం నూటికి నూరు శాతం పూర్తి అని పట్టికలో కనిపించింది. ఆ విడుదలలో తెలుగు చదివినవారు ఎన్ని తిట్లు తిట్టుకున్నారో.

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తయారుచేసేవారు ఇలాంటి ఆలోచననే ఇంకాస్త దూరం తీసుకువెళ్ళారు. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోని ముఖ్యమైన వాక్యాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య వాక్యం పాఠం నుంచే పుడుతుంది. ఆ వాక్యం నిజమని చూపే పరీక్ష దగ్గరా, దాన్ని అమలుచేసే కోడ్ దగ్గరా అదే సంఖ్యను కామెంట్‌గా రాస్తారు. వాక్యం మారితే సంఖ్య మారుతుంది, పాత సంఖ్యలు పట్టుకుని వేలాడుతున్న పరీక్షలు బయటపడతాయి. చాకిరీ ఎక్కువే. మన అందరికీ అంత ఓపిక ఉండదు, అంత అవసరమూ ఉండదు.

అసలు కోడ్‌నూ వివరణనూ వేరుచేయడమే తప్పు, రెండూ ఒకే వ్యాసంగా రాయాలన్నవారూ ఉన్నారు. 1984లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ లిటరేట్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టి ఆ పద్ధతి ప్రకటించారు. ఒకే ఫైలు నుంచి టాంగిల్ అనే సాధనం యంత్రానికి కావలసిన ప్రోగ్రామును తీస్తుంది, వీవ్ అనేది మనిషి చదివే పుస్తకాన్ని తీస్తుంది. పుస్తకాల అచ్చుకూర్పు కోసం ఆయన చేసిన టెక్ ప్రోగ్రామును అలాగే రాసి, పుస్తకంగా అచ్చువేశారు. అంత పని ఒక్క మనసులో నడిచినప్పుడు అది వెలిగిపోతుంది. రోజుకు ఇరవైమంది చేయి పెట్టే చోట వ్యాసం నడక వారంలో చెడుతుంది. పైగా వాక్యం కోడ్ పక్కనే ఉన్నా, నిజమో కాదో చూసేవాడు అక్కడా లేడు.

ఇక మిగిలింది యంత్రానికి అప్పగించలేని భాగం, 'ఎందుకు' అన్నది. ఆప్షన్ల జాబితా, ఏమీ ఇవ్వకపోతే వాడే డిఫాల్ట్ విలువలు, పారామీటర్ల పేర్లు, ఇవన్నీ కోడ్ నుంచే తీయండి, చేత్తో రాయకండి. ఎందుకు అన్నది చేత్తో రాయండి, మారబోయే వరుస మీదే రాయండి, షరతుతో రాయండి. 'ఫలానా సంగతి నిజమైనంతవరకే ఇది సరి' అని. ఈ రెండింటిలోనూ చేరని పేజీలు కొన్ని మిగులుతాయి. వాటిలో చాలావాటిని తీసేయమంటాను. ఇది చెబితే జనం నొచ్చుకుంటారు. ఎవరో కష్టపడి రాశారు కదా అంటారు. బస్టాండులో రంగు వేసిన టైముల బోర్డు చూడండి. ఆ బస్సు ఆగిపోయి ఎన్నాళ్ళయిందో కానీ, పిల్లలతో, మూటలతో వచ్చిన మనిషి దాన్ని నమ్మి కూర్చుంటాడు. బోర్డే లేకపోతే కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగేవాడు.

ప్రశ్నలు ఉంటే అడగండి. వెనక వరుసలో అమ్మాయి. అవునమ్మా, చెప్పండి.

(ప్రశ్న: ఆ ఆరో అంకె పేజీ ఇప్పుడు ఎలా ఉంది సార్?)

(నవ్వులు) మంచి ప్రశ్న. మర్నాడే దాన్ని సరిచేశాను, ఆ పైవారం ఆ సరిచేసినదాన్నీ కొట్టేశాను. ఆప్షన్ల వివరాలన్నీ స్క్రిప్టు లోపలికే చేర్చాం, సహాయం అడిగితే అదే చెబుతుంది. డిఫాల్ట్ మారితే ఆ మాట కూడా అదే ఫైలులో మారాలి. పేజీలో ఒకే వాక్యం మిగిలింది: 'ఏం చేస్తుందో ముందు స్క్రిప్టునే అడగండి.' కింద ఓనర్ అని నా పేరు, తేదీ. ఆరు నెలలకొకసారి 'ఈ పేజీ ఇంకా నిజమేనా?' అని నాకు మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. రెండుసార్లు చూడకుండానే 'నిజమే' అని నొక్కాను. మూడోసారి ఎందుకో అనుమానం వచ్చి సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే, ఆ స్క్రిప్టును తీసేసి అప్పటికే ఐదు నెలలైంది.